చెట్టెక్కి కోసేవాళ్లకు టాప్ హ్యాండిల్ చైన్‌సా: ఎంచుకోవడం, వాడటం

తిరుపతిలోనూ చిత్తూరులోనూ హార్డ్‌వేర్ షాపులకు వెళ్తే ఈమధ్య చిన్నసైజు చైన్‌సాలు ముందే కనిపిస్తున్నాయి. హ్యాండిల్ వెనక ఉండదు, ఇంజిన్ నెత్తిన ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేలిక. "ఒంటిచేత్తో కోసేయొచ్చన్నా, పెద్ద మిషన్ ఎందుకు నీకు" అంటాడు అమ్మేవాడు. ఆ మాట మీదే చాలామంది కొంటున్నారు. నేను చెప్పబోయేదంతా ఆ మాట ఎందుకు తప్పో చెప్పడానికే.

ఈ మిషన్ పుట్టింది ఒకే పనికి. తాడు, బెల్టు కట్టుకుని చెట్టు మీద ఉన్న మనిషి, కొమ్మల సందున, ఇరుకులో, ఒంటికి దగ్గరగా పట్టుకుని కోయడానికి. హ్యాండిల్ పైన పెట్టింది ఒంటిచేత్తో పట్టుకోవడానికి కాదు, మిషన్ పొడవు తగ్గి కొమ్మల మధ్య తిరగడానికి. నేల మీద నిలబడి కొమ్మలు ముక్కలు చేయడానికీ, పడిపోయిన చెట్టు కోయడానికీ, తోటలో మొదళ్లు తీయడానికీ వెనక హ్యాండిల్ మిషనే సరైనది. అదే క్షేమం, ధర కూడా సాధారణంగా తక్కువే. మీరు చెట్టు ఎక్కరా? అయితే ఇది మీకు అక్కర్లేదు. ఎక్కుతారా? అప్పుడు చదవండి.

తన్నడం ఎక్కడ మొదలవుతుంది

బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పలక) కొసను గడియారం ముఖంలా అనుకుంటే, ముక్కు మీద పైభాగం, అంటే పన్నెండుకీ మూడుకీ మధ్య ముక్క, ఏదైనా గట్టిదానికి తగిలితే చైన్ ఒక్క క్షణం పట్టేస్తుంది. ఇంజిన్ బలమంతా వెనక్కి తిరిగి బార్‌ను పైకి, మీ ముఖం వైపు విసిరేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. చూసి తప్పుకుందాం అనుకునేవాడికి అంత టైమ్ దొరకదు.

వెనక హ్యాండిల్ మిషన్‌లో రెండు చేతుల మధ్య దూరం ఎక్కువ, ముందుచెయ్యి ఆ విసురును కొంత ఆపుతుంది. టాప్ హ్యాండిల్‌లో రెండు పట్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆపే బలం తక్కువ, పైగా మిషన్ మీ ఛాతీకీ మెడకీ దగ్గర. ఇక ఒంటిచేత్తో పట్టుకుంటే ఆపే చెయ్యే లేదు. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని కుడిచేత్తో కోయడం మనవాళ్లకు కత్తితో అలవాటైన పద్ధతి. కత్తి దెబ్బ ఎటు వెళ్తుందో మీ చేతిలో ఉంటుంది. చైన్ జారితే మాత్రం అది ముందు చేరేది ఆ ఎడమచేతికే.

కాబట్టి మొదటి రూలు: ఎడమచెయ్యి ముందు హ్యాండిల్ మీద, బొటనవేలు కింద నుంచి చుట్టి. కుడిచెయ్యి పై హ్యాండిల్ మీద. చైన్ తిరుగుతున్నంతసేపూ రెండూ అక్కడే. రెండు చేతులూ పెట్టలేని చోట ఉన్నారంటే, ఆ చోటు మార్చుకోవాలి. మారడం కుదరకపోతే చేతిరంపం తియ్యాలి.

మిషన్ తీసే ముందు చెట్టును చూడండి

ఊళ్లో చెట్టంటే కరెంటు తీగ ఖాయంగా ఉంటుంది. మన జిల్లాల్లో లైన్లు ఏపీఎస్పీడీసీఎల్‌వి, దాని హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది. కొమ్మ తీగకు దగ్గరగా ఉంటే సెక్షన్ ఆఫీసుకు చెప్పి లైన్ క్లియర్ తీసుకోవాలి. లైన్‌మన్ వచ్చి, సప్లై ఆపి, ఎర్త్ చేసి, "ఇప్పుడు కోయండి" అన్న తర్వాతే ఎక్కాలి. "ఫోన్‌లో చెప్పాను, ఆపేసుంటారు" అనేది లైన్ క్లియర్ కాదు. ఆపని 11 కేవీ లైనుకు మీరు గానీ, మీ మిషన్ గానీ, కోసే కొమ్మ గానీ మూడు మీటర్ల లోపుకు రాకూడదు. పచ్చి కొమ్మలో నీళ్లుంటాయి, అది కరెంటు మోస్తుంది. అల్యూమినియం నిచ్చెన అయితే ఇంటి దగ్గరే వదిలిపెట్టి రండి. ఫిర్యాదుకు 1912.

తర్వాత పర్మిషన్. చెట్టు పూర్తిగా కొట్టేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, మీ సొంత స్థలమైనా సరే. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. మీ చెట్టు అందులో ఉందో లేదో ఫారెస్టు ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మేలు. ఎర్రచందనం సంగతి వేరే. శేషాచలం అడవి పక్కన ఉన్నాం, పెరట్లో మీరే నాటిన ఎర్రచందనం చెట్టయినా ఫారెస్టు డిపార్ట్‌మెంట్ అనుమతి లేకుండా కొట్టడానికీ తరలించడానికీ వీల్లేదు. రాత్రిపూట చైన్‌సా బండిలో వేసుకుని అడవి రోడ్డు మీద తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పని ఆర్డరు, అనుమతి కాగితం జేబులో పెట్టుకోండి.

మూడోది తేనెపట్టు. పెద్ద మర్రి, నిద్రగన్నేరు (రెయిన్ ట్రీ) చెట్లలో కొండతేనెటీగల పట్లు ఉంటాయి. మిషన్ మోత, కంపనం వాటిని లేపేస్తాయి. తాడు మీద వేలాడుతున్న మనిషి పరుగెత్తలేడు. నేల మీద నుంచి చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగి, ఎండ వెనకనుంచి పడేలా నిలబడి చూస్తే పట్టు కనిపిస్తుంది. కందిరీగల గూళ్లూ అంతే. మామిడి మీద ఎర్రచీమల ఆకుగూళ్లు ప్రాణం తీయవు గానీ, చీమ మెడలోకి దూరినప్పుడు చెయ్యి దులుపుకోవడానికి లేస్తుంది, అదే ప్రమాదం.

చివరగా మొదలు, బోదె చూడండి. రోడ్డు పక్క వేపచెట్టుకు బోర్డులు కొట్టిన మేకులు, కేబుల్ టీవీ తీగలు, ఫ్లెక్సీ కట్టిన బైండింగ్ వైరు చెట్టు లోపలికి మింగేసి ఉంటాయి. చైన్ ఒక్క మేకుకు తగిలితే ఆ పూట పని అయిపోయినట్లే.

ఏది కొనాలి

పెట్రోలుదా, బ్యాటరీదా అన్నది ముందు తేల్చుకోవాలి.

పెట్రోల్ మిషన్లలో రెండు తరగతులున్నాయి. 25 సీసీ దగ్గర ఉన్నవి కొమ్మ కత్తిరింపుకు. ఎకో 2511 టీ లాంటివి బార్, చైన్ లేకుండా 2.3 కిలోల దగ్గర తూగుతాయి. 35 సీసీ పైన ఉన్నవి పెద్ద కొమ్మలకు, చెట్టును పైనుంచి ముక్కలుగా దించడానికి. స్టిల్ ఎంఎస్ 201 టీ 35.2 సీసీ, 3.7 కిలోలు. హస్క్‌వర్నా టీ540 ఎక్స్‌పీ 37.7 సీసీ, దాదాపు నాలుగు కిలోలు. బార్, చైన్, నిండా పెట్రోలు, ఆయిల్ పోస్తే ఇంకో కిలోకు పైగా కలుస్తుంది. ఎక్కువగా వేప, కానుగ, మామిడి కొమ్మలు కోసేవాళ్లకు చిన్నదే చాలు. చింత, నీలగిరి, పాత నిద్రగన్నేరు దించేవాళ్లకు పెద్దది. బార్ 25 సీసీకి పది అంగుళాలు, 35 సీసీకి పన్నెండు లేదా పద్నాలుగు. "పదహారు వేస్తే ఇంకా బాగుంటుంది కదా" అని అడిగేవాళ్లున్నారు. పొడవు పెరిగేకొద్దీ ముక్కు మీకు కనిపించని చోటికి పోతుంది, దేనికి తగులుతుందో తెలియదు. అలా వద్దు.

బ్యాటరీ మిషన్ చెట్టు మీద నిజంగా సుఖం. తాడు గుంజి స్టార్ట్ చేసే పని లేదు, పొగ లేదు, కింద ఉన్నవాడి మాట వినపడుతుంది, ఉదయం ఐదున్నరకు కాలనీలో పని మొదలుపెట్టినా ఎవరూ తిట్టరు. అయితే అది ఆగినట్లే ఉంటుంది, మోత ఉండదు, పై పట్టు మీద చెయ్యి ఉండగా ట్రిగ్గర్‌కు కొమ్మ తగిలితే తిరుగుతుంది. అందుకే చెయ్యి తీసిన ప్రతిసారీ ముందున్న చేతి గార్డును ముందుకు తోసి చైన్ బ్రేక్ వేయాలి, నడుముకు తగిలించేటప్పుడు స్విచ్ ఆఫ్ చేయాలి. రేణిగుంట వైపు మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలిన బ్యాటరీని తెచ్చి చార్జర్‌లో పెడితే అది చల్లారేదాకా చార్జింగ్ మొదలుకాదు. తడిగుడ్డ చుట్టకండి, నీడలో పెట్టండి. రోజంతా పనికి కనీసం మూడు బ్యాటరీలు లెక్కేసుకుంటే ఖర్చు పెరుగుతుంది.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరులేని 25 సీసీ మిషన్ల గురించి చాలామంది అడుగుతారు. ఇంజిన్ నడవొచ్చు. ఎక్కడ కొన్నా ఈ నాలుగు చూడకుండా చెట్టెక్కించకండి: ముందున్న చేతి గార్డును ముందుకు తోస్తే చైన్ అక్కడికక్కడే ఆగాలి. పై హ్యాండిల్ మీదున్న లాక్ నొక్కకుండా ట్రిగ్గర్ కదలకూడదు. బార్ మొదట్లో, కింద చైన్ క్యాచర్ (తెగిన చైన్‌ను పట్టే ముక్క) ఉండాలి. ఐడిల్‌లో, అంటే యాక్సిలేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, చైన్ తిరగకూడదు. నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా చెట్టు మీదకు పనికిరాదు. స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో కూడా అడగండి. కార్బురేటర్ డయాఫ్రం కోసం చెన్నై దాకా పోవాల్సివస్తే చవక ఖరీదైపోతుంది.

చైన్ కొనేటప్పుడు బార్ మీద చెక్కి ఉన్న మూడు సంగతులు రాసుకోండి: పిచ్ (లింకుల మధ్య దూరపు కొలత), గేజ్ (బార్ గాడి వెడల్పు), డ్రైవ్ లింకుల (గాడిలో నడిచే లింకుల) సంఖ్య. ఈ సైజు మిషన్లలో ఎక్కువగా 3/8 అంగుళం లో ప్రొఫైల్ (పళ్ల ఎత్తు తక్కువున్న చైన్) ఉంటుంది, చిన్నవాటిలో 1/4 అంగుళం కూడా వస్తుంది. లింకుల లెక్క తేడా వస్తే చైన్ సరిగ్గా కూర్చోదు.

ఒంటి మీద ఏముండాలి

హెల్మెట్‌కు గడ్డం పట్టీ ఉండాలి. బిల్డింగ్ పని హెల్మెట్ తల వంచితే జారిపోతుంది. చెవులకు మఫ్, కళ్లకు జాలీ లేదా అద్దాలు. బూట్లు. చేతికి పట్టు జారని గ్లవ్స్.

ప్యాంటు దగ్గరే అందరూ ఆగిపోతారు. చైన్‌సా ప్యాంటు లోపల పొడవాటి పోగుల పొరలుంటాయి, చైన్ తగలగానే అవి బయటికి లాగబడి చైన్‌ను తిప్పే పళ్లచక్రంలో (స్ప్రాకెట్) చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల వేగం దాకా పరీక్షించినది. ముందువైపు మాత్రమే కాపాడేది టైప్ ఏ, చుట్టూ కాపాడేది టైప్ సీ. చెట్టెక్కేవాడి కాలు ఎటు తిరిగి ఉంటుందో చెప్పలేం కాబట్టి టైప్ సీ. తిరుపతి ఎండకు అది వేసుకోవడం శిక్షే, నిజం. దానికి మందు ప్యాంటు విప్పేయడం కాదు, పని టైమ్ మార్చుకోవడం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పది గంటలకల్లా దిగిపోవాలి.

బెల్టు విషయంలో మోసపోకండి. బిల్డింగ్ పనివాళ్ల ఫుల్ బాడీ బెల్టు పడితే ఆపడానికి మాత్రమే, దానిమీద కూర్చుని పనిచేయలేరు. నడుముకు రెండు పక్కలా రింగులున్న చెట్టెక్కే హార్నెస్ కావాలి. కొబ్బరినార మోకు గానీ, షాపులో కిలోల లెక్కన అమ్మే నైలాన్ తాడు గానీ కొమ్మ దించడానికే, మనిషి ప్రాణానికి కాదు. కోసేటప్పుడు రెండు ఆధారాలు తప్పనిసరి: పై కొమ్మకు వేసిన క్లైంబింగ్ తాడు ఒకటి, నడుము చుట్టూ బోదెకు వేసిన లోపల స్టీలు తీగ ఉన్న పట్టీ ఇంకోటి. చెట్టు మీద మనిషి పడిపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి, తన తాడును తనే కోసుకోవడం. స్టీలు తీగ దాన్ని పూర్తిగా ఆపదు గానీ ఒక అవకాశమిస్తుంది. రెండు ఆధారాలు వేయలేని చెట్టు మీదకు ఈ మిషన్ తీసుకెళ్లకూడదు.

పెట్రోలు, ఆయిల్

ఎక్కువ మిషన్లకు నిష్పత్తి 50కి 1. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, ఐదు లీటర్లకు 100. మూత కొలతతో కాదు, గీతలున్న సీసాతో. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది గాలిలోని తేమను లాగుతుంది. అందుకని వారానికి సరిపడా మాత్రమే కలపండి.

వేడి మిషన్ ట్యాంకు మూత ఒక్కసారిగా తిప్పకండి. లోపల ఒత్తిడి ఉంటుంది, పెట్రోలు చిమ్మి వేడి సైలెన్సర్ మీద పడుతుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి, మూత కొద్దిగా వదిలి, గాలి పోయాక తీయాలి. ఈ పని నేల మీదే.

బార్‌కు బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోయడం మన దగ్గర పెద్ద అలవాటు. అందులో లోహపు పొడి ఉంటుంది, పంపు అరిగిపోతుంది, అది రోజంతా మీ చేతుల మీదా ముఖం మీదా చిమ్ముతూ ఉంటుంది, చర్మానికి చెడ్డది. చైన్ ఆయిలే పోయండి. చెట్టు ఎక్కేముందు తెల్లటి అట్టముక్కకు ఎదురుగా బార్ ముక్కు పెట్టి యాక్సిలేటర్ ఇస్తే ఆయిల్ గీత పడాలి. పడలేదంటే రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు.

నేల మీద స్టార్ట్, ఆపి పైకి

మిషన్ నేల మీద పెట్టి, బ్రేక్ వేసి, గట్టిగా అదిమి పట్టి తాడు లాగండి. గాలిలో వదులుతూ లాగడం చూడ్డానికి హీరోలా ఉంటుంది, అంతే. వేడెక్కాక ఆపేసి, మిషన్ వెనక ఉన్న రింగుకు పట్టీ తగిలించి, తాడుతో పైకి పంపాలి. ఆ పట్టీలో ఎక్కువ బరువు పడితే తెగిపోయే బలహీనమైన ముక్క ఉండాలి. కొమ్మతో పాటు మిషన్ ఇరుక్కుని పడితే మిమ్మల్ని లాగకుండా అదే కాపాడుతుంది.

చెట్టు మీద మళ్లీ స్టార్ట్ చేయాలంటే ముందు రెండు ఆధారాలు, తర్వాత బ్రేక్, బార్ మీ కాలికీ తాడుకీ దూరంగా తిప్పి, అప్పుడు లాగాలి. కోత కోతకూ మధ్య బ్రేక్. జరిగేటప్పుడు ఆఫ్.

కింద ఒకడు కాదు, ఇద్దరుండాలి. అందులో ఒకరికి చెట్టెక్కి మిమ్మల్ని దించడం రావాలి, అతనికీ హార్నెస్, తాడు అక్కడే ఉండాలి. "108కి ఫోన్ చేస్తాం" అనేది సగం ప్లానే. అంబులెన్స్ వాళ్లు చెట్టెక్కరు. రక్తం ఆపే పెద్ద బ్యాండేజీ, టూర్నికే (చేతికో కాలికో బిగించి రక్తం ఆపే పట్టీ) ఒకటి ఎక్కేవాడి హార్నెస్‌కే ఉండాలి.

కోత

మిషన్ నడుముకీ ఛాతీకీ మధ్య ఉండాలి. భుజం పైకి ఎత్తి కోయాల్సివస్తే మీరు ఇంకాస్త పైకి వెళ్లాలి. కోసే గీతకు ఎదురుగా తల, మెడ ఉండకూడదు, ఒక పక్కకు ఒరగాలి. బార్ ఎక్కడ బయటికి వస్తుందో, అక్కడ తాడు, పట్టీ, కాలు లేవని ప్రతి కోతకూ ఒకసారి కంటితో చూసుకోండి. చైన్ పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకు ఆనించాలి, బయటికి వచ్చేదాకా యాక్సిలేటర్ వదలకూడదు.

పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. బోదెకు మూర దూరంలో కింద నుంచి మూడోవంతు దాకా మొదటి కోత. కొమ్మ బరువు బార్‌ను పట్టేసేలోపు ఆపాలి. రెండోది పైనుంచి, సరిగ్గా దాని మీదకు లేదా ఒక వేలెడు మీ వైపుకు. బాగా బయటికి పెడితే విరిగే చెక్క చైన్‌ను పట్టుకుని మిషన్‌ను లాక్కుపోతుంది. కింది కోత లేకుండా పైనుంచే కోస్తే కొమ్మ పడుతూ బెరడును బోదె మీదుగా చీల్చేస్తుంది. వేపలో, మునగలో మీరు చూసే ఉంటారు. మూడో కోత మిగిలిన మోడుకు. బోదెను కొమ్మ కలిసే చోట ఉబ్బు ఉంటుంది, దాన్ని తాకకుండా, దాని బయటి అంచున. ఆ ఉబ్బు నుంచే చెట్టు గాయం మూసుకుంటుంది. బోదెకు నున్నగా కోస్తే అందంగా ఉంటుంది గానీ పుచ్చుపడుతుంది.

రేకుల షెడ్డు మీదో, ప్రహరీ మీదో ఉన్న చేతిలావు కొమ్మకు ఇంకో పద్ధతి ఉంది. ఒక పక్క నుంచి సగం దాటి కోయండి. రెండో పక్క నుంచి ఒక అంగుళం పక్కకు జరిపి మళ్లీ సగం దాటి కోయండి. రెండు కోతలూ ఒకదాన్నొకటి దాటినా కొమ్మ పడదు, మధ్యనున్న నారతో నిలబడే ఉంటుంది. మిషన్ ఆపి, నడుముకు తగిలించి, రెండు చేతులతో కొమ్మ పట్టుకుని విరవండి. టక్కున ఊడి చేతిలోకి వస్తుంది, నచ్చిన చోట పడేయొచ్చు. ఒంటిచేత్తో కోస్తూ ఇంకో చేత్తో పట్టుకోవాలన్న కోరిక ఈ పద్ధతితో తీరిపోతుంది. మీ చేతుల్లో మోయగలిగిన బరువుకే ఇది. కరెంటు తీగ పక్కన వద్దు.

చెట్టు చెట్టుకూ తీరు వేరు. తురాయి పచ్చిదైనా చెప్పకుండా పెళుక్కున విరుగుతుంది, దాని కొమ్మను నమ్మి తాడు వేయకండి. చింత కొమ్మ చేతికి గట్టి, చైన్‌కు ఇంకా గట్టి, నిదానంగా కోయాలి. సరుగుడు, నీలగిరి నిలువునా చీలే రకాలు. మామిడి సొన చర్మాన్ని కాలుస్తుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు తోటల్లో కాయ దించాక కత్తిరిస్తారు. పెద్ద కోతలకు బోర్డో పేస్టు పూయడం అక్కడ మామూలే: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఈశాన్య రుతుపవనాల్లో, ముఖ్యంగా తుఫాను తర్వాత, తడి బెరడు మీద బూటు నిలవదు. 2021 నవంబరు వరదల్లాంటి రోజుల్లో వేళ్లు కదిలిన చెట్లు నిలబడే ఉంటాయి, చూడ్డానికి బాగానే ఉంటాయి. అలాంటి చెట్టు ఎక్కకూడదు, క్రేన్ బకెట్ నుంచి పని చేయాలి.

సాయంత్రం ఆకురాయి

పొట్టు పేలికలుగా వస్తుంటే చైన్ పదునుగా ఉంది. పిండిలా వస్తుంటే మొద్దుబారింది. మొద్దు చైన్‌ను మనం నొక్కుతాం, నొక్కితే జారుతుంది, అక్కడే దెబ్బలు తగులుతాయి. కొబ్బరి పీచు, రోడ్డు దుమ్ము పట్టిన బెరడు గంటలోనే మొద్దు చేస్తాయి.

3/8 లో ప్రొఫైల్‌కు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. పంటి లోపలి నుంచి బయటికి, 30 డిగ్రీల వాలులో, ముందుకు తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి ఎత్తి తీసుకోవాలి. ప్రతి పంటికీ ఒకే లెక్క రుద్దులు, లేకపోతే కోత వంకర పోతుంది. పంటి ముందున్న చిన్న మెట్టు అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి, దానికి గేజ్ దొరుకుతుంది. కంటి అంచనాతో ఎక్కువ రాకితే చైన్ చెక్కను కరిచేసి తన్నుతుంది.

చైన్ బిగువు: బార్ మధ్యలో కింద నుంచి లాగితే కొద్దిగా సాగాలి, డ్రైవ్ లింకు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు, చేత్తో తిప్పితే తిరగాలి. వేడి మీద బిగించిన చైన్‌ను పని అయ్యాక వదులు చేయండి, చల్లారి బిగుసుకుని బేరింగ్‌ను లాగుతుంది. బార్‌ను వారానికోసారి తిరగేసి బిగిస్తే రెండు పక్కలా సమానంగా అరుగుతుంది.

నెలకు మించి పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా ఐడిల్‌లో నడిపి, ఎయిర్ ఫిల్టర్ దులిపి, బార్‌కు తొడుగు వేసి పెట్టండి. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ ఊడదీసి, సగం చార్జింగ్‌లో, ఇంట్లో చల్లటి చోట విడిగా ఉంచండి.